దీక్షా శిబిరంలో పట్టుకున్న నాడి

ఉద్యోగం నుంచి దిగిపోయాక నాకు మిగిలిన పని, ఫోన్లో కుర్ర డాక్టర్లకు విసుగు తెప్పించడం. ఈ మధ్య భూపాలపల్లిలో కొత్తగా చేరిన ఫిజీషియన్ అమ్మాయి ఒకతె ఫోన్ చేసి, "మేడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి అబ్లేషన్ ఎవరికి చేయించాలి? ఒక్క ముక్కలో చెప్పండి" అంది. ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. మా ఇంట్లోవాళ్ళని అడిగితే ఈ సంగతి ఇంకా ఘాటుగా చెబుతారు. ఆ పిల్లకి చెప్పాల్సినదాంట్లో సగం అయ్యేసరికి వార్డు నుంచి పిలుపొచ్చి వెళ్ళిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది కృష్ణా జిల్లాలో. పీజీ చదువు వరంగల్‌లో. ఉద్యోగం మొదట భూపాలపల్లి, తర్వాత చాలా ఏళ్ళు మహబూబాబాద్, దిగిపోయింది జనగామలో. మహబూబాబాద్‌ని అక్కడివాళ్ళు మానుకోట అంటారు, నాకూ అదే అలవాటైంది. ఈ సంగతి తెలంగాణ ఉద్యమం జోరుగా నడిచిన రోజుల్లోది. అప్పుడు నేను పుట్టిన జిల్లా అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అబద్ధం చెప్పకూడదు. కానీ నేను గదిలోకి అడుగుపెడితే మాటలు కాస్త తగ్గేవి. వాళ్ళ యాసని సినిమాల్లో ఏళ్ళ తరబడి వెక్కిరించింది మా వైపు జనమే కాబట్టి నేనూ నోరు తగ్గించుకున్నాను. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం నమ్మరు.

జబ్బు గురించి కొంచెం చెప్పక తప్పదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే, గుండె పై గదులు ఒక తాళం ప్రకారం ముడుచుకోవడం మాని వణకడం మొదలుపెడతాయి. నాడి పట్టుకుంటే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన ఉండదు. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. అందుకని ముందు రక్తం పలచబడే మందు, దాంతోపాటు వేగం తగ్గించే మందు ఇస్తాం. లయనే సరిచేయాలనుకుంటే వేరే మందులున్నాయి, కరెంటు షాకు ఉంది, ఆ తర్వాత అబ్లేషన్ ఉంది. అంటే తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం గుండెలోకి పంపి, ఊపిరితిత్తుల సిరలు వచ్చి కలిసేచోట చుట్టూ కాల్చి, అక్కడి నుంచి పుట్టే పిచ్చి సంకేతాలకు అడ్డుకట్ట వేయడం. కవాటం బాగా సన్నబడినవాళ్ళకి ముందు కవాటం సంగతి చూడాలి. పై గది మరీ సాగిపోతే పెద్దగా ఫలితం ఉండదు. థైరాయిడ్, తాగుడు, బీపీ లాంటివి ముందు చక్కబెట్టుకోవాలి. రక్తం పలచబడే మందు మానేయొచ్చన్న ఆశతో మాత్రం చేయించుకోకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు. అసలు మొదటి షరతు, ఆ జబ్బు వల్ల మనిషికి ఇబ్బంది ఉండాలి. నేను రాయబోయేదంతా ఆ ఇబ్బంది అనే మాట గురించే.

మానుకోట అవతల ఒక సబ్‌సెంటర్‌లో ఊళ్ళు తిరిగి టీకాలు వేసే ఏఎన్ఎం ఒకామె ఉండేది. తండాల్లో ఆమెని నర్సమ్మ అనే పిలిచేవారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. సొంతూరు దేవరుప్పుల వైపు. భర్త భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇద్దరివీ రెండు ఊళ్ళే. తండాల వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే లంబాడీ భాష ఆమె గడగడా మాట్లాడేది. ఆమె చూసే తండాల్లో చివరిది గుట్ట మీద ఉంది. దాన్ని పై తండా అంటారు. రోడ్డు లేదు, వాగు దాటి నడిచి ఎక్కాలి. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని ఆమె ఆ గుట్ట ఎక్కడం ఒక జ్వరాల సీజన్లో నేను కళ్ళారా చూశాను. నేను సగం దారిలో రాయి మీద కూలబడి ఆయాసపడుతుంటే, ఆమె పైకి వెళ్ళి, మజ్జిగ తీసుకుని తిరిగొచ్చింది.

అక్కడి రోగుల్ని మా ఆస్పత్రికి వెంటబెట్టుకొచ్చేది. వరసలో నిలబడే అలవాటు లేదు. తలుపు తోసుకుని వచ్చి, "మేడం, గీ ఆమె పై తండ నుంచి ఒచ్చింది. జర ముందుగాల సూడుండ్రి, చీకటైతె గుట్ట ఎక్కలేదు" అనేది. నేను కసిరేదాన్ని. కసురుతూనే చూసేదాన్ని.

ఉద్యమం ముదిరాక ఆస్పత్రి గేటు ఎదురుగా వైద్య ఉద్యోగుల టెంటు వెలిసింది. రిలే నిరాహార దీక్షలు. పొద్దున కూచున్నవాళ్ళు సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తే, మర్నాడు ఇంకొకరి వంతు. అందరూ వంతులవారీగా కూచునేవారు, నర్సమ్మ తన వంతుతోపాటు పక్కవాళ్ళ వంతులు కూడా కూచునేది. ఇంట్లో పెళ్ళి ఉందనో, పిల్లాడికి పరీక్షలనో ఎవరైనా తప్పుకుంటే, "నువ్వు పో, నేనున్న గద" అనేది. మైకులో ఆమెను పొగడని రోజు లేదు. ఫీల్డు పని మాత్రం తగ్గింది. ఆమె తండాలకు వెళ్ళడం మానేసి, తండాల వాళ్ళనే కిందికి రమ్మంటోందని వార్త.

మా ఆస్పత్రి ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేవాడు. ఉద్యోగుల సంఘం నాయకుడు. టెంటు కింద మైకు పట్టుకుని ఆమెను పొగిడేదీ అతనే, నా గదిలోకి వచ్చి మరోలా మాట్లాడేదీ అతనే.

"మేడం, నర్సమ్మకు ఉద్యమం మంచిగ కలిసొచ్చింది. గుట్ట ఎక్కుడు లేదు, వాగు దాటుడు లేదు. నీడపట్టున కూసుంటున్నది."

"ఆ మాట మైకులో చెప్పండి" అన్నాను.

"మీరు డాక్టరు. మీరు జర అడుగుండ్రి."

నేను అడిగితే ఏమవుతుందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆంధ్రా డాక్టరమ్మ తెలంగాణ ఉద్యోగిని టెంటు కింద ఎందుకు కూచున్నావని నిలదీసింది అంటారు. నేను అడగలేదు. ఆమెని ఎరిగిన మిగతావాళ్ళు అడిగితే ఉద్యమద్రోహి అంటారేమోనని వాళ్ళూ అడగలేదు. కాళ్ళరిగేలా తిరిగిన మనిషి కదలకుండా కూచుంటే, ఏమైంది నీకు అని అడగడానికి మానుకోటలో అప్పుడు ఒక్కరికీ వీల్లేకపోయింది.

ఎండలు ముదిరాయి. టెంటు కింద ఒకరిద్దరు సొమ్మసిల్లారు. దీక్షలో ఉన్నవాళ్ళ నాడి, బీపీ రోజుకోసారి చూసి రమ్మని సూపరింటెండెంట్ నన్ను పురమాయించారు. నేను బీపీ మిషన్ పట్టుకుని రోడ్డు దాటుతుంటే టెంటులో గుసగుసలు. డాక్టర్లు వచ్చి ఆరోగ్యం బాగాలేదని రాస్తే పోలీసులు వచ్చి దీక్షాపరుల్ని ఎత్తుకుపోవడం అప్పట్లో అందరూ టీవీల్లో చూసిందే. ఇవి సాయంత్రానికి ముగిసే దీక్షలే అయినా అనుమానం అనుమానమే.

ఒక రోజు వరసలో చివర నర్సమ్మ ఉంది. మెడలో దండ, నుదుటిమీద గులాబీ రంగు. మణికట్టు పట్టుకున్నాను. రెండు దెబ్బలు గబగబా, తర్వాత ఆగి ఒకటి, మళ్ళీ మూడు. కాసేపు చూసి రెండో చెయ్యి పట్టుకున్నాను. స్టెతస్కోపు పెట్టి విన్నాను. అనుమానం లేదు.

నా గొంతు పెద్దది. మెల్లగా చెప్పాలనుకున్నదే టెంటంతా వినపడింది. "సిస్టర్, మీరు దీక్ష ఆపేసి ఇప్పుడే నాతో లోపలికి రండి. ఈసీజీ తియ్యాలి."

వెనకనుంచి ఎవరో, "షురువైంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు జెప్పి లేపుతరు" అన్నారు. సీనియర్ అసిస్టెంట్ మైకు అందుకున్నాడు. "మేడమంటె మాకందరికి గౌరవమున్నది. కని మా అక్క పానమైన ఇస్తది గని దీక్ష ఇడువది" అన్నాడు. జనం జై తెలంగాణ అన్నారు. నర్సమ్మ కూడా పిడికిలి ఎత్తి అంది. చెయ్యి ఎత్తినప్పుడు ఆమె ఆయాసం నాకు కనిపించింది.

"నాకేం గాలె మేడం, మంచిగనే ఉన్న" అంది నాతో. "పొద్దుగాల నుంచి ఏం తినలే. గందుకే నాడి గట్లున్నది."

"తినకపోతే నాడి వేగంగా కొడుతుంది. తాళం తప్పదు."

"మంచిగనే ఉన్న" అంది మళ్ళీ.

చెవులు మండుతుండగా రోడ్డు దాటి వచ్చేశాను. గదిలో కూచుని ఏడ్చాను కూడా. వాళ్ళు అనుమానించినందుకు కాదు, ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో పనిచేశాక కూడా ఒక నాడి సంగతి చెబితే నమ్మించుకోలేకపోయానే అని.

మర్నాడు ఆమె టెంటు వాళ్ళకి కనపడకుండా ఆస్పత్రి వెనక గేటు నుంచి వచ్చింది. "నిన్న నా నాడిల ఏం దొరికిందో చెప్పుండ్రి మేడం. మీ మొకం జూస్తె నాటకం లెక్క అనిపియ్యలే" అంది. ఈసీజీ తీశాం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె స్కానింగ్ వరంగల్‌లో చేయించాం. కవాటాలు బాగున్నాయి, పై గది కొంచెమే పెరిగింది. మా ప్రాంతంలో ఈ జబ్బు అంటే చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల కవాటం పాడైనవాళ్ళలోనే ఎక్కువ చూసేవాళ్ళం, ఈమెది ఆ రకం కాదు. థైరాయిడ్ సరిగానే ఉంది. బీపీ ఉంది, ఎన్నడూ చూసుకోలేదు. ఊరందరి బీపీ చూసే మనిషి. బీపీకి, గుండె వేగానికి, రక్తం పలచబడటానికి మందులు మొదలుపెట్టాను.

నా దగ్గర హౌస్ సర్జన్‌గా పనిచేసిన ఒక కుర్రాడు అప్పటికి హైదరాబాద్‌లో గుండె లయ జబ్బులకే ప్రత్యేక డాక్టరయ్యాడు. అతనికి ఫోన్ చేసి, అబ్లేషన్ మాట ఎత్తాను.

"ఆమెకి ఇబ్బందులేమున్నాయి మేడం? దడ? ఆయాసం? కళ్ళు తిరగడం?"

"ఏమీ లేవంటోంది."

"అయితే దేనికి మేడం? మందులతో నడిపిద్దాం. ఇబ్బంది లేని మనిషి గుండెలోకి వెళ్ళి కాల్చి, ఏదైనా తేడా చేస్తే ఏం సమాధానం చెబుతాం?"

అతను చెప్పింది సరైనదే. ఈ రోజు ఎవరైనా నన్నడిగినా ముందు అదే చెబుతాను.

కొన్నాళ్ళకి సమ్మెలు, టెంట్లు సద్దుమణిగి అందరూ డ్యూటీలకి వెళ్ళారు. నర్సమ్మ మాత్రం పై తండాకి వెళ్ళలేదు. ఆమె పీహెచ్‌సీ డాక్టరు విసిగిపోయి, ఇలాగే ఉంటే పైకి రాసి చర్య తీసుకోమంటానని హెచ్చరించాడు. సీనియర్ అసిస్టెంట్ ఆ వార్త మోసుకొచ్చి, "ఉద్యమమైపాయె, ఇగ గుండెజబ్బు కలిసొచ్చింది" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మంటలోనే ఒక ఆలోచన కూడా తట్టింది. ఈ మనిషి ఇబ్బంది లేదంటుంది, పనికి పోదు. రెండూ ఎలా కుదురుతాయి? అబద్ధాలకోరైనా అయి ఉండాలి, లేదా నేను అడిగే ప్రశ్నలోనే తప్పుండాలి.

డాక్టరు పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన వైపు ఎవర్ని ఎట్లున్నరని అడిగినా మంచిగున్నమనే అంటారు. చెయ్యి విరిగి కట్టు కట్టించుకుంటూ కూడా అంటారు. అది మర్యాద. డాక్టరు అడిగితే ఇంకా ఎక్కువ మర్యాద. ఆ మర్యాదని మనం కేసుషీట్లో 'ఇబ్బందులు లేవు' అని రాసుకుంటాం.

ఆమెని పిలిపించాను. ఈసారి ఇబ్బంది మాట ఎత్తలేదు. "సిస్టర్, ఇదివరకు చేసి, ఇప్పుడు చెయ్యనివి ఏమేం ఉన్నాయి?" అని అడిగాను.

ఆమెకి ప్రశ్న వింతగా తోచింది. "టీకాల డబ్బ ఆశా కార్యకర్తకిచ్చిన. అది మోస్తది." తర్వాత, "మేడమీది అర్ర ఖాళీ జేసి కిందికొచ్చిన. మెట్లు ఎందుకని." తర్వాత, "బతుకమ్మ ఆడుతలేను. కూసోని పాడుత." ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

"పై తండాకి వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"రెండేండ్లు దగ్గరికొచ్చె."

"ఎందుకు వెళ్ళడం లేదు?"

"కాళ్ళు గుంజుతయి. వాగు దాటంగనే కూసోబుద్ధయితది. వయసైంది గద మేడం."

"ఎంత మీ వయసు?"

"నలభై ఆరు."

నేను ఆమెకంటే పెద్దదాన్ని. ఆమే మళ్ళీ అంది. "టెంటు కింద అయితె కూసునుడే గద. ఆడ అందరికంటె నేనే మంచిగ జేస్తున్ననన్నరు. మా తండలల్ల పనిజేసినప్పుడు గూడ నన్నెవరు గంత మెచ్చుకోలె."

ఆ మాట విన్నాక సీనియర్ అసిస్టెంట్‌ని పిలిచి కొట్టాలనిపించింది. పిలిచాను, కొట్టలేదు. ఆమె ఎదుటే విషయం చెప్పాను. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "తెల్వకపాయె అక్కా" అన్నాడు.

హైదరాబాద్ కుర్రాడికి మళ్ళీ ఫోన్ చేశాను. అతను చాలాసేపు విన్నాడు. "ఆయాసం ఆ జబ్బు వల్లో, కాదో ఎలా తెలుస్తుంది మేడం? బరువు, బీపీ, వయసు, ఏదైనా కావచ్చు" అన్నాడు. తర్వాత అతనే దారి చెప్పాడు. కరెంటు షాకుతో ఒకసారి లయ సరిచేద్దాం. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలీదు. నిలిచినన్నాళ్ళు ఆమెలో తేడా వస్తే ఇబ్బంది ఈ జబ్బుదే, అప్పుడు అబ్లేషన్‌కి అర్థం ఉంటుంది. తేడా రాకపోతే ఆ ఆలోచన మానేద్దాం. అంత మంచి ఆలోచన ఆ కుర్రాడికి వచ్చినందుకు, వాణ్ని హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుందామనుకున్నాను. తర్వాత ఆ తిట్ల వల్లే ఇంత బాగుపడ్డాడని సరిపెట్టుకున్నాను.

షాకుకి ముందు రక్తం పలచబడే మందు మూడు వారాలు ఒక్క పూట కూడా తప్పకూడదు. తిండి తప్పితే ఆ మందు ప్రభావం అటూ ఇటూ అవుతుంది. అందుకని ఉపవాసాలు వద్దన్నాను. సరిగ్గా అప్పుడే దీక్షలు మళ్ళీ మొదలయ్యాయి. టెంటులో ఆమె వంతు వచ్చింది.

"గిప్పుడు కూసోకుంటె ఏమనుకుంటరు మేడం? మీరు జెప్తె లేసిపోయిన్నంటరు."

అప్పుడు సీనియర్ అసిస్టెంట్ ముందుకొచ్చాడు. ఆమె వంతులన్నీ తను కూచుంటానన్నాడు. భోజనం ఒక పూట ఆలస్యమైతే ఆఫీసు దద్దరిల్లేలా అరిచే మనిషి. కూచున్నాడు. మధ్యాహ్నానికే ముఖం వాడిపోయేది. నాడి చూడటానికి వెళితే, "మేడం, నా నాడిల గూడ ఏమన్న దొరుకుతదేమో జర మంచిగ సూడుండ్రి" అనేవాడు. నేను అన్నీ బాగున్నాయని గట్టిగా, మైకుకి వినపడేలా చెప్పేదాన్ని.

రైల్ రోకోలకీ బంద్‌లకీ మధ్య ఒక తెరిపి చూసుకుని ఆమె హైదరాబాద్ వెళ్ళింది. షాకు ఇచ్చారు. లయ కుదిరింది. మందులు అలాగే కొనసాగిస్తూ, రెండు రోజుల్లో తిరిగొచ్చి డ్యూటీలో చేరింది.

ఆ వారం చివర్లో ఒక సాయంత్రం ఓపీ అయిపోయాక నా గదిలోకి వచ్చింది. ఎప్పటిలా తలుపు తోసుకుని రాలేదు. కుర్చీలో కూచుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు భయమేసింది. చెయ్యి పట్టుకుని చూశాను. నాడి చక్కగా, తాళం ప్రకారం కొడుతోంది.

"పై తండకు పోయొచ్చిన మేడం" అంది.

"నడిచా?"

"నడిసే. వాగు దాటి యాడ కూసోకుంట ఎక్కిన. ఎక్కి ఎనకకు తిరిగి సూసిన. గింతేనా అనిపిచ్చింది." చెంగుతో ముఖం తుడుచుకుంది. "నేను ముసలిదాన్నైననుకున్న మేడం. మా అమ్మ లెక్క నా పని గూడ అయిపాయె అనుకున్న. మనసుల ఒప్పుకున్న గూడ. ఎవ్వరికి చెప్పలే."

నేను ఓపీ పుస్తకం పక్కకి జరిపాను.

"ఆడ పిలగాండ్లు నన్ను జూసి ఎవరో అనుకోని సూస్తున్నరు. రెండేండ్ల పోరలు. సూది అంటే నేనే యాదికి రావాలె వాళ్ళకు. నన్ను జూసి ఏడ్వాలె. ఒక్కడు ఏడ్వలే మేడం." అని తనే ఏడ్చింది.

ముప్ఫై ఏళ్ళకి పైగా చేసిన ఉద్యోగంలో నేను ఒక రోగి ముందు ఏడ్చింది ఆ ఒక్క సాయంత్రమే. ఇద్దరం ఏడుస్తుంటే అటెండరు తలుపు తీసి చూసి, ఎవరో పోయారనుకుని మెల్లగా మూసి వెళ్ళాడు.

లయ నెలరోజులు కూడా నిలవలేదు. ఒక పొద్దున ఫోన్ చేసి, "మల్ల తప్పింది మేడం" అంది. ఈసీజీ అవసరం లేకుండా ఆమెకే తెలిసిపోయింది. రెండేళ్ళు తెలియనిది ఇప్పుడు మంచం దిగగానే తెలిసింది. లయ నిలిపే మందు ప్రయత్నించాం. నాడి మరీ నెమ్మదించి, తలతిరుగుడు వచ్చి, ఆపాల్సొచ్చింది. ఇప్పుడు పుస్తకం షరతులన్నీ కుదిరాయి. ఇబ్బంది ఉంది, అది ఈ జబ్బుదేనని తేలింది, మందు పడలేదు, కవాటాలు బాగున్నాయి, పై గది చేయి దాటలేదు, బీపీ అదుపులో ఉంది. హైదరాబాద్ కుర్రాడు ఈసారి తనే అబ్లేషన్ అన్నాడు.

అడ్డు తగిలింది భర్త. భూపాలపల్లి నుంచి సెలవు పెట్టి వచ్చాడు. గనిలో బొగ్గు పేల్చే మందు పెట్టే పని అతనిది. "మేడం, కాల్చుడు పేల్చుడు అంటె ఏందో నాకెర్క. గింత పక్కకు వోయిందంటె పైకప్పు కూలుతది. గుండెల కాలుస్తమంటె నేనెట్ల ఒప్పుకుంట?" అన్నాడు. అతని భయం తెలివితక్కువది కాదు. హైదరాబాద్ డాక్టరు దాన్ని కొట్టిపారేయలేదు. గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం లాంటివి అరుదుగా జరుగుతాయని, ఒక్కసారితో కుదరక రెండోసారి చేయాల్సి రావచ్చని, కుదిరినా రక్తం పలచబడే మందు మానడం కుదరదని, ఏదీ దాచకుండా చెప్పాడు. చేయించుకోకపోయినా ప్రాణానికి వెంటనే ప్రమాదం లేదని కూడా చెప్పాడు. నిజాయితీ అంటే అది. ఆ చివరి మాట అందుకుని భర్త, "ఇంకేంది, మందులేసుకోని ఇంట్ల కూసో" అన్నాడు.

"కూసున్న" అంది నర్సమ్మ. "రెండేండ్లు కూసున్న. ఇగ నాతోని గాదు." అతను ఆమె ముఖంలోకి చూసి తల ఊపాడు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. అబ్లేషన్ అయింది. మొదటి రెండు మూడు నెలల్లో లయ ఒకటి రెండుసార్లు తప్పి మా అందర్నీ హడలగొట్టింది. కాల్చిన చోటు మానేదాకా అలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి ఓపిక పట్టాం. ఆ తర్వాత కుదురుకుంది. చాలా ఏళ్ళకి మళ్ళీ తిరగబెడితే రెండోసారి చేశారు. ఇది ఒక్క దెబ్బతో పోయే జబ్బని మీ రోగులకి చెప్పకండి. రక్తం పలచబడే మందు ఆమె ఇప్పటికీ వేసుకుంటోంది. గుట్ట కూడా ఎక్కింది, రిటైరయ్యేదాకా.

రాష్ట్రం ఇస్తున్నట్టు ప్రకటన వచ్చిన రోజు ఒకటి చెప్పాలి. సాయంత్రానికి మానుకోట రోడ్డు మీద కాలు పెట్టే చోటు లేదు. డప్పులు, పటాకులు, గులాల్. సీనియర్ అసిస్టెంట్ రెండు చేతులా రంగు పట్టుకుని నా గదిలోకి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు, పూయాలా వద్దా అని. నేనే బుగ్గ చూపించాను. అతను కొంచెం పూసి, నర్సమ్మ ఏదని అడిగాడు. టెంటు కింద అందరికంటే ఎక్కువ రోజులు కూచున్న మనిషి కాబట్టి ఆమెకి దండ వేసి ఊరేగించాలని సంఘం వాళ్ళు వెతుకుతున్నారు. ఫోన్ చేస్తే కలవడం లేదు. నాకు ఎక్కడో గుబులు మొదలైంది. ఈ డాక్టరు ఉద్యోగం మనిషికి మంచి ఆలోచనలు రానివ్వదు. లయ తప్పి ఎక్కడైనా పడిపోయిందేమోనని సబ్‌సెంటర్‌కి మనిషిని కూడా పంపించాను.

మర్నాడు ఒక గర్భిణిని వెంటబెట్టుకుని ఆమే వచ్చింది. "నిన్న ఎక్కడికి పోయారు? ఊరంతా వెతికింది మీ కోసం" అన్నాను. అరిచాను అంటే సరిగ్గా ఉంటుంది.

"పై తండకు వోయిన మేడం. ఆడ టీవీ లేదు, ఫోను అందది. ఎవరన్న పోయి చెప్పాలె గద."

"వాళ్ళేమన్నారు?"

నర్సమ్మ నవ్వింది. "ఒక అవ్వ గుడిసె ముంగట కూసున్నది. తెలంగాణొచ్చిందవ్వా అన్న. మంచిదే బిడ్డా, గీ ఒక్క ముచ్చట చెప్పనీకి గింత గుట్ట ఎక్కొచ్చినవా అన్నది. ఎక్కిన అవ్వా, నేనే ఎక్కిన అన్న."